గీతమీద కోత

టేకల్ స్టేషనులో దిగి పట్టాలు దాటి ఊరివైపు నడచువానికి మొదట కనబడునవి ఇండ్లు కావు, బండలు. ఎవరో లెక్కపెట్టి ఒకదానిపై నొకటి పేర్చుచు, నడుమ లెక్క మరచి వెడలిపోయినట్లు, కొండమీదను కొండక్రిందను చేలగట్లమీదను గుండ్లు నిలిచియుండును. ఈ ప్రాంతమువారికి కూడు పెట్టునదియు ఈ రాయియే. ఇదే మాలూరు తాలూకాలోని శివారపట్నము తరతరాలుగా శిల్పుల యూరు. అక్కడ చెక్కిన విగ్రహములు దక్షిణదేశమున ఎన్నియో గుళ్లలో పూజలందుకొనుచున్నవి. కన్నడసీమలో నుండియు ఇంటిలోపల తెలుగే పలుకు కుటుంబములు ఈ కోలారు జిల్లాలో కొల్లలుగా గలవు. నేను చెప్పబోవు మామా అల్లుళ్లు ఆ కోవలోనివారే.

మేనమామగారు డెబ్బదియైదేండ్ల శిల్పి. ఉలి దించి అయిదారేండ్లయినను, ఆయన చూపుడువ్రేలు ఇప్పటికిని ఏ వస్తువు నందుకొన్నను ముందు దాని అంచును తడవి చూచును. అల్లుడు నాకు రైలుస్నేహితుడు. 2001లో కోలారు బంగారుగనులు మూతపడిన పిదప మరింత క్రిక్కిరిసిన ఉదయపు బండిలో మాలూరు, వైట్‌ఫీల్డు మీదుగా బెంగుళూరు పోయి, ఒక చిన్న కర్మాగారమున నక్షాలు గీసి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరువాడు. ఆదివారము వచ్చెనా, ఇతనికొక వ్యసనము: కాగితపు కిట్టు తెప్పించి విమానము కట్టుట.

నేను వెళ్లిన నాడు అరుగుమీద చాప పరచియున్నది. చాపమీద ఎనిమిది తావుల దళసరి కాగితము. దానిపై నూటనలువది చిల్లర ముక్కలు, ప్రతి ముక్కకును ఒక అంకె. కోయవలసినచోట నిండుగీత, మడువవలసినచోట చుక్కలగీత, జిగురు పూయుటకు అంచులవెంబడి చిన్నచిన్న చెవులు. అది టైగర్ మాత్ అను రెండంతస్తుల రెక్కల శిక్షణవిమానము, అసలుదానిలో ముప్పదిమూడవ వంతు. ప్రక్కనే ఒక సన్నని కత్తి, ఇనుపబద్ద, సిరా ఎండిపోయిన బాల్‌పెన్ను, ఫెవికాల్ సీసా, దానిలో ముంచుటకు చీపురుపుల్లలు. మామగారు పడకకుర్చీలో కూర్చుండి ఈ సంరంభమునంతయు రెండు గంటలనుండి చూచుచున్నారట. నేను వెళ్లుసరికి వాదము మొదలైనది.

మామ: ఏమిరా అల్లుడా, బొమ్మ గీసినవాడొకడు, రంగు వేసినవాడొకడు, ఏది దేనికి అతుకవలెనో అంకె వేసినవాడు మరొకడు. ఇక నీకు మిగిలినదేమి? కోయుట. దర్జీ కూడ గుడ్డమీద సుద్దతో తన గీత తానే గీసికొనును గదా! నీకు ఆ గీత కూడ లేదు.

అల్లుడు: గీత లేదు మామా, ఒప్పుకొన్నాను. కాని గీతమీద కోయుట యనగా ఏమో మీరు చెప్పుడు. గీతకు లోపలివైపు కోయుట యొకటి, వెలుపలివైపు కోయుట యొకటి, గీతను నడిమికి చీల్చుచు పోవుట యొకటి. మూడును చూచుటకు ఒక్కటిగనే యుండును. ఒక్క ముక్కలో వెండ్రుకవాసి తప్పినచో ఎవరికిని తెలియదు. ముక్క తరువాత ముక్క అతికించి తోకదాక పోవుసరికి ఆ వెండ్రుకలన్నియు కలిసి తాడగును, తోక వంకరపోవును. అప్పుడు ఏ ముక్కలో తప్పు జరిగినదని వెదకెదరు?

మామ: ఇది గుమాస్తా శ్రద్ధ. చెడ్డదనను. పద్దు తప్పకుండ వ్రాయువాడును కావలసినవాడే. కాని దానికి శిల్పమని పేరు పెట్టకుము. మేము రాయి తెచ్చుటకు పోయినప్పుడు ముందు సుత్తెతో తట్టి వినుదుము. గంటవలె మ్రోగినచో పుంశిల, విగ్రహమునకు పనికివచ్చును. మెత్తగా పలికినచో స్త్రీశిల, పీఠమునకు. ఏమియు పలుకకున్నచో దానిని విగ్రహమునకు ముట్టము. అనగా పని మొదలుపెట్టకముందే మాకును రాతికిని ఒక సంభాషణ జరుగును. నీ కాగితమేమి పలుకును? పోనీ, తప్పు కోసినచో ఏమగును? మరియొక తావు తెచ్చుకొందువు. మాకు ముక్కు విరిగిన నాడు ఆరునెలల పని గుంతలో పడినట్లే.

అల్లుడు: మామా, కోపగించుకొననన్నచో ఒక మాట. మీరు విష్ణుమూర్తిని చెక్కునప్పుడు నిలువెత్తు ఎన్ని అంగుళములో మీరు నిర్ణయించితిరా?

మామ: ఉత్తమదశతాలము, 124 అంగుళములు. అది శాస్త్రము.

అల్లుడు: నవతాలమునకు?

మామ: తాలమునకు 12 చొప్పున 108. పసిపిల్లవానికిని తెలిసినదే. దీనిని అడుగుట యెందులకు?

అల్లుడు: శంఖము ఏ చేత, చక్రము ఏ చేత, కిరీటమెంత యెత్తు, నాభి ఎచ్చట, ఇవి అన్నియు మీకు పూర్వులు చెప్పినవే గదా. ధ్యానశ్లోకము మీకు వచ్చిన కిట్టు. అంకెలు వేసినవాడు వేయిసంవత్సరముల క్రిందటివాడు, నాకు అంకెలు వేసినవాడు మొన్నటివాడు. భేదమింతే.

ఈ మాటకు మామగారు నవ్విరి. ఆ నవ్వులో ఓటమి లేదు. చెరువుగట్టున కూర్చున్నవాడు గాలము కదలుట చూచి నవ్వు నవ్వు అది.

మామ: బాగుగా అంటివి. ఇప్పుడు విను. 124 అంగుళములని శాస్త్రము చెప్పినది, నిజమే. ముఖమింత, కంఠమింత, ఉదరమింత అని కూడ చెప్పినది. కాని పెదవి చివర ఎంత వంగినచో అది చిరునవ్వగునో, ఇంకెంత వంగినచో అది వెక్కిరింత యగునో ఏ శ్లోకమును చెప్పలేదు. శాస్త్రము నాకు కొలత నిచ్చినది, గీత నీయలేదు. నీ కిట్టు నీకు కొలతతోపాటు గీతను, రంగును, నీడను కూడ ఇచ్చి, నిన్ను వట్టి చేతులుగా మిగిల్చినది. అంతయు చెప్పినవాడు నేర్పినవాడు కాడురా. నేర్చుకొను తావు నీకు లేకుండ చేసినవాడు.

నిజము చెప్పవలెనన్న, ఈ సమాధానము వినిన పిమ్మట నేను వాదము ముగిసినదనుకొంటిని. అల్లుడు కొంతసేపు మాటాడలేదు. ఎండిన బాల్‌పెన్ను తీసికొని, బద్ద ఆనించి, ఒక చుక్కలగీతమీద బరువుగా ఒత్తుచు లాగెను. కాగితము తెగలేదు, దాని పోగులు మాత్రము నలిగి ఒక కాలువ పడినది. ఆ కాలువమీద ముక్కను మడచినప్పుడు కత్తివంటి అంచు లేచెను. ఒత్తకుండ మడచినదానికి అంచు పగిలి తెల్లని నూగు కనబడునట. ఆ పని ముగించి, తల యెత్తకుండనే అతడు మరల ప్రారంభించెను.

అల్లుడు: అంతయు చెప్పినవాడు నేర్పలేదంటిరి. మరి చెప్పకుండ దాచినవాని మాట యేమి? భోజరాజు సమరాంగణసూత్రధారమున తేలికకొయ్యతో పక్షివంటి ఆకాశయంత్రమును వర్ణించినాడు, లోపల పాదరసము పెట్టి క్రింద నిప్పు రగుల్చుమన్నాడు. కట్టు విధానము మాత్రము చెప్పలేదు; తెలియక కాదు, గోప్యముగా ఉంచుటకే చెప్పలేదని తానే వ్రాసికొన్నాడు. ఫలమేమి? చదివినవాడు అబ్బురపడును, అంతటితో సరి. తొమ్మిది వందల యేండ్లకు పైగా ఎవరును దానిలో ఒక్క మేకును బిగింపలేదు.

మామ: పెద్దలను అంత తేలికగా తీసివేయకుము. మన ఆనేకల్లు సుబ్బరాయశాస్త్రిగారు విమానశాస్త్రము చెప్పలేదా? ఆయన మన ఆవని కొండదగ్గరనే ఒక సాధువువలన విద్య పొందినాడని మా నాయన చెప్పెడివాడు.

అల్లుడు: చెప్పినారు, 1918 మొదలు 1923 వరకు శ్లోకములు చెప్పుచుండగా వ్రాసికొన్నారు. బెంగుళూరులో ఒక నక్షాకారుని చేత పటములు గీయించినారు కూడ. ఆ పటములు నేను చూచితిని మామా. శకునవిమానము, రుక్మవిమానము, ఎంత చక్కని గీతలో! 1974లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన అయిదుగురు పండితులు వాటిని లెక్కకట్టి చూచి, అవి ఎగురునవి కావని తేల్చిరి. నేను వారివలె లెక్క కట్టలేను. కాని ఆ పటమునొక్కదానిని ముక్కలుగా విడదీసి కాగితముమీద పరువబోతిని. పరువలేకపోతిని. ఈ గోడ ఆ గోడను ఎచ్చట కలియునో పటములో లేదు. చూచుటకు గీసినదే గాని కట్టుటకు గీసినది కాదు. గీతకును గీతకును ఈ భేదమున్నదని నాకు ఈ తావులే నేర్పినవి.

(ఇచ్చట పాఠకులకు ఒక మాట. సుబ్బరాయశాస్త్రిగారిపై నాకు చిన్నచూపు లేదు. కడు పేదరికమున పెరిగి, తాను నమ్మినదానిని నమ్మినట్లు చెప్పిన మనిషి. ఆయన పేరు చెప్పి తరువాతివారు అమ్ముకొన్న గొప్పలకు ఆయనను బాధ్యుని చేయరాదు.)

మామగారు ఆ సంగతి కొనసాగింపలేదు. తన కొడుకు ఓడిపోయిన తగవును ఊరిపెద్ద పక్కకు నెట్టినట్లు, దానిని పక్కకు నెట్టి, మరొక వైపునుండి వచ్చిరి.

మామ: సరే. ఇదంతయు బొమ్మ. ఎగురదు, వానకు నిలువదు, ఎలుకకు ఆగదు. బొమ్మలు పిల్లలకు మంచివే. నీకు ముప్పదినాలుగేండ్లు.

అల్లుడు: బొమ్మయనియే తీసివేసినచో రైటుసోదరుల సంగతి యేమి? 1878లో వారి తండ్రి ఊరినుండి వచ్చుచు ఒక ఆటవస్తువు తెచ్చినాడు. బెండు, వెదురు, కాగితము, మెలివేసిన రబ్బరుపట్టె. ఇంతే దానిలో నున్నది. పెనో అను ఫ్రెంచివాడు కల్పించినది. చేయి విడిచినచో లేచి యింటికప్పుకు తగిలినది. అప్పుడు పెద్దవానికి పదునొకండేండ్లు, చిన్నవానికి ఏడు. తమకు ఆకాశముమీద ఆశ పుట్టినది ఆ నాడేయని వారు పెద్దవారైన తరువాత చెప్పుకొన్నారు.

మామ: ఆ బొమ్మ యేమైనది?

అల్లుడు: విరిగిపోయినది.

మామ: తరువాత?

అల్లుడు: (కొంచెము తటపటాయించి) తరువాత తామే అటువంటివి చేసికొన్నారు. పెద్దవిగా చేసినకొలది సరిగా ఎగురలేదట.

మామ: అదిరా సంగతి! విరిగినది గనుక, తామే చేసికొనిరి గనుక, పెద్దది ఎగురక యేడిపించినది గనుక వారికి విద్య వచ్చినది. మరియొక కిట్టు కొనియిచ్చి యుండినచో నీవలె చాపమీద కూర్చుండి యుందురు.

ఈ దెబ్బ గట్టిదని అల్లుడు కూడ ఒప్పుకొనెను. కాని అతని దగ్గర మరొక ఆయుధమున్నది. అది చాపమీదనే, పై రెక్క రూపమున ఉన్నది. దానిని ఎత్తి పట్టి చూపెను.

అల్లుడు: దీనిని చూడుడు. రెక్క తిన్నగా లేదు, రెండు కొనలును వెనుకకు వాలినవి. మొదట కోయునప్పుడు అచ్చు తప్పేమో అనుకొంటిని. నడిమిముక్కను కంబములమీద నిలుపుచుండగా అది ముందుకు జరిగి కూర్చున్నది. ఎందుకో ఆలోచించితిని. ముందుగుంటలో కూర్చున్నవాని నెత్తిమీద రెక్క యున్నచో, ప్రమాదము వచ్చినప్పుడు వాడు పారాషూటుతో పైకి లేచి దూకుట యెట్లు? అందుకని నడిమిభాగమును ముందుకు జరిపినారు. జరిపినందున ఎత్తుబలము కూడ ముందుకు పోయి తూకము చెడును. దానిని మరల వెనుకకు తెచ్చుటకు రెక్కల కొనలను వెనుకకు వంచినారు. 1931లో డి హావిలాండ్ కర్మాగారమువారు చేసిన యుక్తి ఇది. తరువాత చదివి సరిచూచుకొంటిని, సరియే. నేను గీత గీయలేదు మామా, కాని గీత ఎందుకట్లు పోయినదో చేతితో తెలిసికొంటిని. చదివినవానికి ఆ ప్రశ్నయే పుట్టదు.

మామగారు రెక్కనందుకొని, అంచు తడవి, మాట లేకుండ తిరిగి యిచ్చిరి. వారు మౌనముగా నుండుట ఆ పూట అదే మొదలు.

ఈ విమానమునకు ఈ సీమతో ఒక చుట్టరికము కూడ కలదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వపు సాయముతో బెంగుళూరున హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారము స్థాపించిన కాలమున, మన వైమానికదళములో కొత్తవారు ఎగురుట నేర్చినది ఈ టైగర్ మాత్‌మీదనే. ప్రపంచమున ఎనిమిదివేలకు పైగా తయారైన ఈ విమానపు రెక్కలు కొయ్యచట్రముపై బిగించిన గుడ్డ; కాగితమునకు అది పినతల్లికూతురు వంటిది. తరువాత డాక్టరు ఘాటగే బృందము ఆ కర్మాగారముననే నిండులోహపు హెచ్.టి.-2ను రూపొందించి 1951 ఆగస్టులో ఎగురవేయగా, అది క్రమముగా టైగర్ మాత్ స్థానమును పుచ్చుకొనెను. అంతకంటెను నాకు ముచ్చట గొలుపునది మరుత్ యుద్ధవిమానపు కథ. కుర్ట్ టాంక్ అను జర్మను నిపుణుడు దానిని లోహముతో కట్టుటకు ముందు, 1959లో, అంత పరిమాణమున ఒక కొయ్యవిమానము ఇంజను లేకుండ కట్టించి, మరొక విమానముతో లాగించి గాలిలో వదలి పరీక్షించెను. అసలు మరుత్ ఎగిరినది 1961 జూనులో.

ఈ సంగతులు నేను ఎత్తగా మామగారు విసుగుకొని, “కొయ్యదైనను అది గాలిలోనికి పోయినది గదా, వీనిది దూలమునకు పోవును” అనిరి. పోలండులో 1957లో ఇట్టి కాగితపు నమూనాలకే ఒక మాసపత్రిక మొదలైనదనియు, ఒక తరము పిల్లలు దానితో పెరిగిరనియు అల్లుడు చెప్పగా, “వారికి చలి ఎక్కువ, బయటికి పోలేరు” అని కొట్టివేసిరి.

అసలు కథ మధ్యాహ్నభోజనమైన తరువాత నడచినది. విమానపు ఒడలికి లోపల అట్టతో చేసిన అడ్డుబిళ్లలు నిలిపి, వాటిచుట్టు రంగుకాగితపు చర్మము చుట్టవలెను. అల్లుడు గీతమీద తప్పకుండ కోసినాడు. బిళ్లలు గీతమీద కోసినవే. చుట్టి చూడగా చర్మపు రెండంచులును కలియలేదు. నడుమ బియ్యపుగింజ మందము కూడ లేని ఒక సందు. లాగినచో కలియును గాని ప్రక్కలు లోపలికి కుంగును. అల్లుడు కొలతలు సరిచూచెను, సరిగనే యున్నవి. తావు తిప్పి చూచెను. మొగము చిన్నబోయినది.

మామ: ఇటు తే.

అల్లుడు: కోతలో తప్పు లేదు మామా.

మామ: నీ కోతలో లేదు. గీసినవానిలో నున్నది. ఈ కాగితము మందమెంత?

అల్లుడు: 0.2 మిల్లీమీటరు.

మామ: గీసినవాడు బిళ్లచుట్టు కొలిచి చర్మమును అంతే గీసినాడు. కాగితమునకు మందము లేదనుకొన్నాడు. చుట్టినప్పుడు కాగితపు లోపలిముఖము బిళ్లకు ఆనును, కాని పైముఖము ఇంకను పెద్ద చుట్టు తిరుగవలెను. విగ్రహమునకు కవచము కొలుచుటకు కంసాలి వచ్చినప్పుడు వాడు వెండిరేకు మందమును కలుపుకొననిదే కొలత వ్రాయడు. కలుపుకొననివాని కవచము స్వామికి పట్టదు.

అల్లుడు వ్రేళ్లమీద లెక్కవేసెను. గుండ్రని చుట్టునకు ఆ మందమునకు రమారమి 0.6 మిల్లీమీటరు తగ్గును. ఆ సందు సరిగా అంతే.

మామ: ఇప్పుడేమి చేసెదవు? చర్మము పెంచలేవు.

అల్లుడు: బిళ్లను తగ్గింపవలెను.

మామ: అంతే. రాతిలో మేము చేయునదియు అంతే. ఉప్పుకాగితము తే. ఒక్కచోట గీకకుము, చుట్టును సమముగా, బిళ్లను త్రిప్పుచు గీకుము. గీత పోవును. పోనిమ్ము.

ఆ ముసలిచేతులు బిళ్లను పట్టిన తీరు వర్ణింపవలెనన్న నాకు శక్తి చాలదు. బొటనవ్రేలిని చూపుడువ్రేలిని మాత్రము తాకించి, ఉప్పుకాగితమును కదపక బిళ్లనే దానిపై దొర్లించుచు, నాలుగు చుట్లకొకసారి ఆగి అంచును తడవుచు, నల్లని అచ్చుగీత మొత్తము పొడియై రాలువరకు ఆయన తల యెత్తలేదు. తొమ్మిది బిళ్లలకు గంటన్నర పట్టినది. ఆ తరువాత చర్మము చుట్టగా రెండంచులును కలిసి, అతుకు ఎచ్చటనో వెదకవలసి వచ్చెను.

అల్లుడు: మామా, గీత చెప్పనిది కిట్టులో లేదంటిరి. ఇదియేమి?

మామ: ఇది కిట్టులో లేదు. గీసినవాని పొరపాటులో నున్నది. వాడు ఇంకను జాగ్రత్తగలవాడై యుండినచో నీకు ఈ పని కూడ దక్కెడిది కాదు. నా మాట నాదే. ఇది శిల్పము కాదు.

అల్లుడు: మరి గంటన్నరసేపు మీరు చేసినదేమి?

మామ: నీవు ఏడ్చు మొగము పెట్టితివి గనుక చేసితిని.

ఎవరు గెలిచిరని నన్నడిగినచో, వాదము మామగారిదేయని చెప్పుదును. అంతయు అచ్చువేసి చేతిలో పెట్టినది విద్యకు దారి మూసివేయునన్నమాట బలమైనది, దానికి అల్లుడు సరియైన బదులు చెప్పలేదు. ఏ గీతను అనుసరించినను ఎక్కడనో ఒకచోట వస్తువు గీతకు లొంగదనియు, అక్కడిదాక బుద్ధిగా గీతవెంట పోయినవానికే ఆ చోటు కనబడుననియు అతడు చెప్పవలసియుండెను, చెప్పలేదు. అతనికి జిగురు ఆరుచున్నది.

మరి రెండాదివారములకు పని ముగిసినది. తెల్లగా కనబడు కోతయంచులకు నీళ్లరంగు పూసినారు. రెండంతస్తుల రెక్కల నడుమ తీగెలకు బదులు, మైనము రుద్దిన సన్నని నూలుపోగులు బిగించినారు. విగ్రహమునకు కడపటి పని నేత్రోన్మీలనము గదా, దీనికి కన్ను తెరచుట ఏదియని మామగారు వేళాకోళముగా అడిగిరట. అల్లుడు పంకను చూపినాడట. ఆ పంకను ఇరుసునకు గ్రుచ్చినది మామగారే.

విమానమిప్పుడు వారి నడవలో దూలమునకు వ్రేలాడుచున్నది. బండి పోయినప్పుడెల్ల కొంచెము కదలును. క్రింది రెక్కలలో ఎడమది కుడిదానికంటె నూలువాసి ఎత్తుగా నున్నది. ఆ ప్రక్క జిగురు పూసినది మామగారు.